దారి చెప్పరాదు

ఫిబ్రవరి మూడో తారీఖున మా పురపాలక సంఘం ఆఫీసులో బోర్డులన్నీ పీకేశారు. ఏ గదిలో ఏ శాఖ ఉందో చెప్పే రేకు బోర్డులు, కిటికీల మీది అంకెలు, మెట్ల దగ్గరి బాణం గుర్తులు, ఆఖరికి మరుగుదొడ్ల మీది ఆడ, మగ బొమ్మలు కూడా. నాలుగు రోజుల దాకా ఊళ్లో ఎవరూ గమనించలేదు. అంతకుముందు ఆ బోర్డులు చూసి సరైన గదికి చేరినవాళ్లు మాత్రం ఎవరున్నారు గనక.

ఐదో రోజున నేను గమనించాను. నాకు పని పడింది.

నా పేరు మాజేటి లింగేశ్వరరావు. గడియార స్తంభం వీధిలో ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, మరలు, మడత బందులు, తాళాలు, టార్చిలైట్లు. నాలుగు వందల పన్నెండు సొరుగులు. ఏ సొరుగులో ఏ సైజు మర ఉందో కళ్లు మూసుకుని చెప్తాను. ఏటా మార్చి ముప్పై ఒకటిలోగా వ్యాపార లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి. చేయించుకోకపోతే ఏప్రిల్ ఒకటిన శానిటరీ ఇన్‌స్పెక్టర్ బసవపున్నయ్య లక్క, కొవ్వొత్తి పట్టుకొచ్చి తలుపుకి సీలు వేస్తాడు. సీలు పడిన కొట్టు మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పడానికి మా వీధిలోనే ఒక ఉదాహరణ ఉంది. దాని షట్టరు పెట్టెలో పిచ్చుకలు మూడు తరాలుగా కాపురం చేస్తున్నాయి.

ఆఫీసు గుమ్మంలో అటెండరు దానియేలు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల పరిచయం. లైసెన్సు సెక్షను ఎటు మార్చారని అడిగాను. అతను నా ముఖం చూడకుండా, ఎదురుగోడ వంక చూస్తూ, ఎక్కం అప్పజెప్పినట్టు అన్నాడు.

"మీరు ఒక పొడవాటి వరండాలో ఉన్నారు. ఎడమ పక్కన ఒక తలుపుంది, కుడి పక్కన ఒక తలుపుంది. ఎంపిక మీదే."

ఒంట్లో బాగాలేదా అని అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మూడు ముక్కలే మాట్లాడాలంటండీ శెట్టిగారూ. నాలుగోది మాట్లాడితే మెమో. ఇది నాలుగోది."

గోడమీద ఒక్క కాగితం మిగిల్చారు. అది కొత్త కమిషనరు హేమంత్ భార్గవగారి సర్క్యులర్. "ఇందుమూలముగా సమస్త పౌరులకు తెలియజేయడమేమనగా, ఇకపై ఈ కార్యాలయమందు సేవలు అందజేయబడవు. ఆవిష్కరించబడును" అని మొదలై పద్నాలుగు పేరాలు ఉంది. నిలబడి మొత్తం చదివాను. సరుకు కొనేటప్పుడు చీటీ చదవడం నాకు అలవాటు.

సంగతేమిటంటే, కమిషనరుగారు చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆఫీసు కంప్యూటర్లో పాతకాలం సాహసాల ఆట ఒకటి ఆడారట. బొమ్మలు కూడా సరిగ్గా ఉండవు. చీకటి గుహ. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. తలుపు తీస్తే ఇంకో తలుపు. కుండలో తాళంచెవి దొరుకుతుంది, అది ఏ తాళానిదో తెలియదు. ఎడమకి పోతే ఒక కథ, కుడికి పోతే ఇంకో కథ. ఒక వేసవి సెలవులన్నీ ఆయన ఆ గుహలోనే గడిపారు. అన్నానికి పిలిచినా లేవలేదు. ఇప్పుడు ఉద్యోగంలోకొచ్చి సర్వే చేయిస్తే, సగటు పౌరుడు పురపాలక ఆఫీసులో ఇరవై రెండు నిమిషాలు గడిపి, తిట్టుకుంటూ పోతున్నాడని తేలింది. దారి చెప్పని గుహలో మనిషి రెండు నెలలు సంతోషంగా కూర్చుంటాడు. దారి చెప్పే ఆఫీసులో అరగంట కూర్చోడు. కాబట్టి తప్పు బోర్డులది.

ఇంటికెళ్లి మా ఆవిడ రత్నమాణిక్యానికి చెప్తే, ఇందులో కొత్తేముంది, ఇదివరకూ అంతేగా అంది.

"ఇదివరకు చెప్పేవాళ్లు కాదు. ఇప్పుడు చెప్పకూడదు," అన్నాను.

మర్నాడు వెళ్లి వరండాలో నిలబడ్డాను. ఎటూ తేలనప్పుడు తూర్పుకి తిరగమనేవాడు మా నాన్న. కుడి తలుపు తూర్పుకుంది. తీశాను. లోపల ఒక గుమాస్తా బల్ల వెనక కూర్చుని, "మీ చేతిలో ఒక దరఖాస్తు ఉంది. నా చేతిలో ఒక స్టాంపు ఉంది. వేయించుకుంటారా, వద్దా?" అన్నాడు. ప్రభుత్వాఫీసులో స్టాంపు వేస్తామంటే వద్దన్న మనిషిని నేను బుద్ధెరిగి చూడలేదు. వేయించుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత కొట్టుకి పశువుల డాక్టరు వచ్చాడు. కోళ్లెక్కడ అని అడిగాడు. నేను వేయించుకున్న స్టాంపు కోళ్ల దుకాణాలదట. ఇవి మేకులు, ఇవి మరలు, కోళ్లు లేవని నాలుగు వందల పన్నెండు సొరుగులూ తీసి చూపించాను. ఆయన ఓపిగ్గా అన్నీ చూసి, "పక్షులు కనిపించలేదు. దాచియుండవచ్చును" అని రాసుకున్నాడు. వెళ్లబోతూ ఒక మంచిమాట చెప్పాడు. కోళ్ల దుకాణంలో కనీసం రెండు పక్షులు లేకపోతే దుకాణం మూసేసినట్టు లెక్క. మూసేసిన దుకాణానికి రెన్యువల్ ఉండదు.

మాది గుడ్డు రుచి కూడా ఎరగని వంశం. ఎన్ని విధాల లెక్క వేసినా, రెండు కోళ్లు కొనడం ఒక కొట్టు పోగొట్టుకోవడం కన్నా తక్కువ నష్టమనే తేలింది. కొన్నాను. బుట్ట చూసి మా ఆవిడ కొట్టు మెట్ల మీదే ఆగిపోయింది.

"పెళ్లైన ముప్పై రెండేళ్లలో ఒకసారి ఉల్లిపాయలు తెచ్చారు, ఊరుకున్నాను. ఇప్పుడు కోళ్లు. రేపు ఆ ఎడమ తలుపు కూడా తీస్తే ఏం తోలుకొస్తారో."

"తలుపు నేను తియ్యలేదే, వాళ్లు..."

"మీరే తీశారు. ఎంపిక మీదేనని దానియేలు చెప్పాడని మీరేగా అన్నారు."

కమిషనరుగారూ అదే మాట అన్నారు. పొరపాటు దిద్దమని నేను పెట్టుకున్న అర్జీకి వారంలో తిరుగు జవాబొచ్చింది. "తమరు కుడి తలుపును స్వేచ్ఛగా ఎంచుకొనియున్నారు. పర్యవసానము లేని ఎంపిక ఎంపికయే కాదు. తమరి ఎంపికను రద్దుచేసి తమరిని అవమానించుటకు ఈ కార్యాలయము సిద్ధముగా లేదు."

కోళ్లలో ఒకటి రెండంగుళాల మేకుల సొరుగులో గుడ్డు పెట్టింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక దానియేలుకి పంపాను.

మార్చి వచ్చింది. కొట్టు మా ఆవిడకి అప్పజెప్పి రోజూ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను. అప్పటికి ఆఫీసు బాగా ముదిరింది. పై అంతస్తుకి వెళ్లే మెట్ల దగ్గర గ్రిల్లు పెట్టి తాళం వేశారు. తాళంచెవి నీటి సరఫరా గుమాస్తా దగ్గరుంది. ఆయన కుర్చీలో వేసుకునే మెత్త తెచ్చిస్తే చెవి ఇస్తాడు. మెత్త పటాలు గీసే ఆయన దగ్గరుంది. ఆయన స్కేలు తెచ్చిస్తే మెత్త ఇస్తాడు. స్కేలు జనన మరణాల రిజిస్టరు రాసే ఫిలోమినమ్మ దగ్గరుంది. ఆవిడ దానితో ఈగల్ని కొడుతోంది. ఈగలు కొట్టే బద్ద నా కొట్టులో గుత్తులుగా ఉంది గానీ, బయటి వస్తువులు లోపల చెల్లవని తొమ్మిదో పేరాలో ఉంది.

ఊరంతా గోలపెట్టిన చోట నాకు ఊపిరి ఆడింది. ఎవరికి ఏది కావాలి, అది ఎవరి దగ్గర మూలుగుతోంది అన్నదే కదా నేను నలభై ఏళ్లుగా చేస్తున్న పని. ఈగలెందుకొస్తున్నాయని చూశాను. కిటికీ అవతల చెత్తబుట్ట. దాన్ని నేనే ఎత్తి దూరంగా పెట్టాను. ఈగలు పోయాయి, స్కేలు వచ్చింది, మెత్త వచ్చింది. పన్నెండు యాభై ఎనిమిదికి తాళంచెవి నా చేతిలో ఉంది. గ్రిల్లులో పెట్టి తిప్పబోతుండగా భోజనాల గంట కొట్టారు. దానియేలు వచ్చి చెవి తీసుకున్నాడు. మెత్త వెనక్కి వెళ్లింది, స్కేలు వెనక్కి వెళ్లింది, చెత్తబుట్ట కిటికీ కిందికి వెళ్లింది. భోజన విరామం తర్వాత పౌరులందరూ గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అది పన్నెండో పేరా.

పదకొండో పేరా అన్నిటికన్నా కఠినమైంది. దారి చెప్పుట, చూపుట, సూచించుట నేరం. చెప్పింది ఉద్యోగి అయితే మెమో, పౌరుడైతే కేసు. దీనికి మొదట బలైంది ఫిలోమినమ్మే. ముప్పై ఆరేళ్ల సర్వీసు ఆవిడది, అలవాటు చచ్చిపోలేదు. భార్య పోయిన కాగితం కోసం ఒక ముసలాయన వచ్చి తికమకపడుతుంటే, "మూడో గదిలోకెళ్లు తాతా" అనేసింది. సాయంత్రానికల్లా మెమో. "వృద్ధ పౌరుని ఆవిష్కరణానందమును అపహరించినందున తమరిపై చర్య ఏల తీసుకొనరాదు?" ఆ తర్వాత ఆవిడ నోరు మూసుకుంది గానీ, ఎవరైనా కాగితం పట్టుకుని నిలబడితే కళ్లు వాటంతటవే మూడో గది వైపు వెళ్లేవి. కళ్లకి వేరే మెమో ఇచ్చారు.

దారి గీసుకున్న కాగితాలు దొరికితే లాక్కుని గేటు బయటికి పంపేవారు. నా దగ్గర కాగితం లేదు. ప్రతి గదినీ ఒక సొరుగనుకుని తలలో పెట్టుకున్నాను. అంగుళం మరల పక్కన నీటి సరఫరా, ముప్పావు అంగుళం పక్కన పట్టణ ప్రణాళిక.

ఒక నిజం ఒప్పుకోవాలి. మార్చి మధ్యలో ఒకరోజు పాత రికార్డుల గదిలో బీరువా వెనక నుంచి చల్లగాలి తగిలింది. పక్కకి జరిపితే చిన్న తలుపు. ఆ తలుపు సంగతి సర్క్యులర్ రాసినవాళ్లకి కూడా తెలియదని దాని బూజు చెప్తోంది. వంగి లోపలికి వెళ్లాను. పాత వోటు పెట్టెలు, సిరా సీసాలు, ఎప్పుడో జప్తు చేసిన తక్కెళ్లు, ఒక మూల మాత్రం బూజు పట్టని లక్క కడ్డీల డబ్బా, సీలు ముద్ర. అవతల ఇంకో తలుపు. ఆ అరగంట లైసెన్సు గుర్తులేదు, కోళ్లు గుర్తులేవు. కమిషనరు పిచ్చివాడేం కాదనిపించింది. బయటికొచ్చి చొక్కా దులుపుకుంటుంటే మళ్లీ మార్చి పద్దెనిమిది అయింది.

అందరూ నాలాంటివాళ్లు కారు. పనేమీ లేకపోయినా రోజూ కారేజీ కట్టుకుని వచ్చేవాళ్లు తయారయ్యారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన పదిహేడు గదులు చూశానని ఎదురుపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. ఇంటి పన్ను కట్టడానికొచ్చిన ఆయన ఒకరు పొరపాటున మరణ ధ్రువపత్రం తీసుకుని, ఎంపిక తనదే గనక దాచుకున్నాడు. ఇరవయ్యో తారీఖున లెక్క తీస్తే సగటు పౌరుడు ఆఫీసులో గడిపే కాలం ఇరవై రెండు నిమిషాల నుంచి పదకొండు రోజులకి పెరిగింది. దాన్ని నిమగ్నతా సూచిక అన్నారు. రాష్ట్రంలో మా ఊరికే మొదటి స్థానం. కమిషనరుగారు శాలువా కప్పించుకుని వచ్చారు. మిగతా ఊళ్ల నుంచి అధికారులు చూసిపోవడానికి వచ్చి, కమిషనరుగారి గదికి దారి దొరక్క రెండు రోజులు ఆలస్యంగా వెళ్లారు. సూచిక ఇంకా పెరిగింది.

మార్చి ముప్పై ఒకటి. ఆ రోజు పొద్దున్నే గేటు తెరవగానే చెత్తబుట్ట ఎత్తాను. తొమ్మిది ముప్పావుకి స్కేలు, పదిన్నరకి మెత్త, పదకొండుకి తాళంచెవి. గ్రిల్లు తెరుచుకుని పైకెళ్లాను. మెట్ల మీద ముగ్గురు అడ్డుపడి మూడేసి మాటలు చెప్పారు. రెండు చోట్ల ఎడమ, ఒక చోట కుడి. పన్నెండున్నరకి వరండా చివర ఒక పెద్ద తలుపు తోశాను. లోపల పెద్ద బల్ల, బల్ల వెనక కమిషనరుగారు.

ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లుండవు. ముఖంలో ఏ మాయా లేదు. ఈ గదికి చేరిన మొదటి పౌరుడిని నేనేనట. కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించారు. ఏ మలుపులో ఎక్కువ ఉత్కంఠ కలిగింది, ఏ ఎంపిక దగ్గర ఎంతసేపు ఆలోచించాను, బీరువా వెనక తలుపు సంగతి నేనే చెప్తే అదెలా పట్టుకున్నాను అని అడిగి రాసుకున్నారు. తెలిసిందంతా చెప్పి, నా లైసెన్సు ఇప్పించండని అడిగాను. ఒంటిగంటకి గంట కొడతారు.

ఆయన బెల్లు నొక్కి ఫైలు తెప్పించారు. లావుపాటి ఫైలు. ప్రతి శాఖా తన గదుల గురించి రాసింది. ఇంజనీరింగు వాళ్లు గ్రిల్లు, పారిశుద్ధ్యం వాళ్లు ఈగలు, పట్టణ ప్రణాళిక వాళ్లు మలుపులు. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ చివరి పేజీ దగ్గర ఆగారు. బల్ల మీదుగా నేనూ చదివాను. "చివరి గది: సంబంధిత శాఖ చూసుకొనును."

ఏ శాఖ అని ఆయన ఫోన్లు చేశారు. ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. నాలుగో ఫోను దగ్గర తేలిందేమిటంటే, లైసెన్సు సెక్షను మొత్తాన్ని ఫిబ్రవరిలోనే మెట్ల కింద కూర్చోబెట్టి పౌరుల్ని పొడుపుకథలు అడిగే పనికి మార్చారు. లైసెన్సులు అచ్చువేసే యంత్రం వరండాలో అడ్డం కోసం పెట్టారు. దాన్ని నేనే పొద్దున పక్కకి జరిపి వచ్చాను.

"సార్, మీ గుహలో చివర ఏముంటుంది?" అని అడిగాను.

"బంగారు కిరీటం," అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన పన్నెండేళ్ల పిల్లాడైపోయారు.

"అదెవరు పెట్టారండీ అక్కడ?"

"ఆట తయారుచేసినవాడు."

"అతను ముందు కిరీటం పెట్టి గుహ తవ్వాడా, గుహ తవ్వి కిరీటం పెట్టడం మర్చిపోయాడా?"

ఆయన ఫైలు మూసి, మళ్లీ తెరిచి చివరి పేజీ చూశారు. నాకు జాలేసింది. ఆ సెలవుల్లో ఆయన్ని గుహలో కూర్చోబెట్టింది చీకటి అనుకున్నారు. ప్రతి తలుపు వెనకా ఎవరో ఒకరు ఏదో ఒకటి శ్రద్ధగా పెట్టి ఉంచారన్న నమ్మకమే కూర్చోబెట్టింది. తలుపులు మా ఆఫీసులోనూ ఎప్పుడూ తక్కువ లేవు.

"చాలా విలువైన సూచన," అన్నారు చివరికి. "వచ్చే ఆర్థిక సంవత్సరానికి కిరీటం మీద ఒక ఉపసంఘం వేస్తాను."

"రేపు నా కొట్టుకి సీలు వేస్తారండీ."

"చట్టం దాని పని అది చేస్తుంది కదండీ. అందులో నేను జోక్యం చేసుకుంటే మీ ప్రయాణానికి అర్థం పోతుంది."

ప్రథమ అన్వేషకుడని ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఇది లైసెన్సు బదులు చెల్లుతుందా అని అడిగాను. చెల్లదు గానీ, ఫ్రేము కట్టించుకోవచ్చన్నారు. గంట కొట్టారు. దానియేలు వచ్చి నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ సాయంత్రం మా ఆవిడా నేనూ మంచి సరుకు ఇంటికి చేరవేద్దామా వద్దా అని ఆలోచించాం. నాలుగు వందల పన్నెండు సొరుగుల సరుకు రెండు గదుల ఇంట్లో పట్టదు. సొరుగుల్లోంచి తీస్తే ఏది ఏదో నాకే తెలియదు. ఎక్కడివక్కడ ఉండనీ అంది ఆవిడ. కోళ్లని మాత్రం పశువుల డాక్టరుకే ఇచ్చేశాం.

ఏప్రిల్ ఒకటిన ఎప్పట్లాగే ఎనిమిదింటికి కొట్టు తెరిచాను. పదిన్నరకి బసవపున్నయ్య వచ్చాడు. జుట్టునిండా బూజు, మోకాళ్ల దగ్గర మట్టి. చేతిలో నలభై కొట్ల జాబితా ఉంది. లక్క లేదు, ముద్ర లేదు, కొవ్వొత్తి సగం కాలిపోయి ఉంది. స్టూలు మీద కూలబడి మంచినీళ్లడిగాడు.

బసవపున్నయ్య చెడ్డవాడని నేననను. చేతిలో సరంజామా ఉంటే సీలు వేస్తాడు, లేకపోతే వెయ్యడు. తక్కెడకి ప్రేమా పగా ఉండవు.

మూడు వారాలుగా వెతుకుతున్నాడట. సిబ్బంది కూడా పౌరులేనని కమిషనరుగారు ఉద్యోగుల సమావేశంలో చెప్పారట. లక్క, ముద్ర ఎక్కడున్నాయో స్టోరు గుమాస్తాని అడిగితే మూడు మాటలు చెప్పి ఊరుకున్నాడు. రోజూ ఒంటిగంటకి ఇతన్ని కూడా గేటు దగ్గరికి తోలేస్తున్నారు. పదో తారీఖులోగా నలభై కొట్లకీ సీలు పడకపోతే ఇంక్రిమెంటు ఆగిపోతుంది.

"శెట్టిగారూ, ఆఫీసంతా తిరిగింది మీరొక్కరేనంట. ఆ సీలు ముద్ర ఎక్కడుందో మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

ఆయన జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా దగ్గర దాపరికం లేదండీ. మీరు చెప్తే నేను మొట్టమొదట వేసేది మీ కొట్టుకే. లిస్టులో మీదే ఒకటో నంబరు."

అటువంటి నిజాయితీ ఉన్న మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉన్నమాటే చెప్పాను. చెప్తే నా మీద కేసవుతుంది, పదకొండో పేరా. పైగా ఇంత కష్టపడ్డ మనిషి ఆనందాన్ని చివర్లో నేను లాగేసుకోవడం ధర్మం కాదు. ఆయన తల ఊపాడు. రూలు రూలే కదా అన్నాడు. రూలు గురించి మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీ లేదు.

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. కొన్ని గదుల్లో కరెంటు లేదని, ఒక మంచి టార్చిలైటు చూపించమని అడిగాడు. మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాను. చౌకది వద్దని నేనే చెప్పాను. గట్టిది తీసుకున్నాడు. వెలిగించి, సీలింగు మీదికి కొట్టి చూసి, ఇది ఎన్నాళ్లొస్తుందని అడిగాడు.

రోజూ ఒంటిగంట దాకానే వాడితే వచ్చే మార్చి దాకా వస్తుందని చెప్పాను.